సర్వేశ్వరునకు సగము పూజయా?

కొన్ని సంవత్సరముల క్రితము మా బంధువర్గములో పదకొండేండ్ల బాలుడొకడు జ్వరముతో మరణించినాడు. ఆ తల్లి నాకు వరుసకు అన్నకూతురు. బిడ్డ రోగశయ్యపై నున్నన్ని దినములు ఆమె సుందరకాండ పారాయణము విడువలేదు. పరామర్శకు వచ్చినవారిలో ఇద్దరు పెద్దలుండిరి. ఇద్దరును భక్తులని పేరు పొందినవారే. మొదటి ఆయన ఏటేట కాలినడకన తిరుమల కొండ నెక్కువాడు. ఆయన ఆ తల్లితో, "అమ్మాయీ, పారాయణంలో ఎక్కడో నియమభంగం జరిగి ఉంటుంది. స్వామివారి దగ్గర లోపం ఉండదు కదా!" అనెను. రెండవ ఆయన ముప్పది యేండ్లుగా ఉపనిషద్భాష్యములను పఠించుచున్నవాడు. ఆయన, "పుట్టిందెవరు, పోయిందెవరు? ఈ శరీరమే మిథ్య. మిథ్య కోసం ఏడవటం అజ్ఞానం తల్లీ!" అనెను. ఆమె ఇద్దరికిని నమస్కరించినది. మరునాడు పూజామందిరపు తలుపులు మూసివేసినది.

బిడ్డ మరణించిన దినమున కూడ ఆ ఇంట దీపము వెలిగినది. ఈ రెండు వాక్యములు విన్న తరువాతనే అది ఆరిపోయినది. కావున, సాధకులారా! ఈ రెండు వాక్యములు ఎట్టి భక్తి నుండి పుట్టినవో విచారించుట మన కర్తవ్యము. అవి ఏ ఒక్కరి నోటివో అయినచో క్షమించి ఊరకుండవచ్చును. నేడు మన సత్సంగములలో సగము మంది మొదటి వాక్యమును, మిగిలిన సగము మంది రెండవ వాక్యమును పలుకుచున్నారు.

మొదటి వాక్యములో ఉన్న దేవుడెవరు? ఒక నియమము తప్పినందుకు పసివాని ప్రాణమును తీయు అధికారి. దరఖాస్తులో ఒక అక్షరము తప్పిన, దానిని త్రోసివేయు గుమాస్తా వంటివాడు. రెండవ వాక్యములో ఉన్న దేవుడెవరు? తల్లి కన్నీటిని చూడని, చూచినను దానితో సంబంధము లేని ఒక సూత్రము. మొదటివానిని ప్రేమింపలేము, భయపడగలము. రెండవవానిని ప్రేమింపను లేము, భయపడను లేము, కేవలము చర్చింపగలము. ఈ ఇద్దరిలో ఎవ్వడును సర్వేశ్వరుడు కాడు. మొదటివారు హృదయమును సమర్పించి బుద్ధిని చెప్పులతో పాటు దేవాలయద్వారము వద్ద విడిచినారు. రెండవవారు బుద్ధిని సమర్పించి హృదయమును అజ్ఞానమని బయటకు నెట్టినారు. సర్వమునకు ఈశ్వరుడైనవానికి సగము మనిషిని అర్పించుట పూజ యెట్లగును?

గీతాచార్యుడు ద్వాదశాధ్యాయములో భక్తిని బోధించుచు, ఎనిమిదవ శ్లోకమున, మనస్సును నా యందే ఉంచుము, బుద్ధిని కూడ నా యందే ప్రవేశపెట్టుము అని రెండింటిని ప్రత్యేకముగా పేర్కొనినాడు. ఒకటి చాలినచో రెండవదానిని చెప్పవలసిన పని లేదు. భక్తియోగమను అధ్యాయములోనే బుద్ధిని అడిగినాడని గమనింపుడు. భక్తికి బుద్ధి శత్రువని చెప్పువారు ఈ శ్లోకమును నిత్యపారాయణము చేయుచునే దాని అర్థమును ప్రక్కన పెట్టినారు.

ఇప్పుడు మొదటి పక్షమును పరీక్షింతము. "మాకు ఈ విచారణలెందుకు? మేము ప్రేమతో పూజింతుము. అది చాలును" అని వారు చెప్పుదురు. మంచిది. ఎవరిని ప్రేమించుచున్నారు? బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయములో, జనకుని సభ యందు గార్గి ప్రశ్నింపగా యాజ్ఞవల్క్యుడు అక్షరపరబ్రహ్మమును వర్ణించినాడు. ఆ అక్షరుని ప్రశాసనములోనే సూర్యచంద్రులు నిలిచియున్నారు; ద్యావాపృథివులు నిలిచియున్నవి; నిమిషములు, అహోరాత్రములు, ఋతువులు, సంవత్సరములు ఆయన ఆజ్ఞలోనే నడచుచున్నవి; హిమపర్వతముల నుండి నదులు ఆయన ఆజ్ఞచేతనే ప్రవహించుచున్నవి అని చెప్పెను. ఆ వెంటనే ఒక కఠినమైన మాట కూడ చెప్పెను. ఆ అక్షరుని తెలియక ఎవడు వేలకొలది సంవత్సరములు హోమములు చేసినను, తపస్సు చేసినను, వాని ఫలము అంతము గలదే యగును. తెలియక ఈ లోకమును విడుచువాడు దీనుడే. ప్రేమ చాలును, తెలిసికొన నక్కరలేదు అనువారు యాజ్ఞవల్క్యునకు ఏమి సమాధానము చెప్పుదురు?

ఋతువులను శాసించువానికి ఇన్ని ప్రదక్షిణములు, ఇంత కానుక అని బేరము పెట్టునపుడు మనము ఆయనను సర్వేశ్వరుడని నమ్ముచున్నామా? హుండీలో వేసిన ధనము ఎవరిది? అర్పించువానికి లేని అధికారము అర్పించిన వస్తువుపై ఎట్లు కలుగును? పని జరిగినచో చెల్లింతుము, జరుగనిచో మానుదుము అను మ్రొక్కు, సామాన్యమైన మనుష్యప్రభువు విషయములో లంచమనబడును. మనుష్యప్రభువునకు అవమానమైనది లోకప్రభువునకు పూజ యెట్లయినది? నేను ఆర్తులను నిందించుట లేదు. గీత సప్తమాధ్యాయములో ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అను నలుగురిని చెప్పి, వీరందరును ఉదారులే అని భగవంతుడు పలికినాడు. కష్టములో తండ్రిని పిలుచుట బిడ్డ హక్కు. పిలుచుట వేరు, బేరమాడుట వేరు. బేరము విఫలమైనపుడు, దోషము బేరములో ఉన్నదని గ్రహింపక, ఏడ్చుచున్న తల్లి పారాయణములో దోషమును వెదకుట క్రూరత్వము.

గోపికలను చూడుడు, వారికి ఏ శాస్త్రవిచారము ఉన్నది అని ఈ పక్షము వారు ఉదాహరణము చూపుదురు. నారదభక్తిసూత్రములు గోపికలనే పరమోదాహరణముగా చెప్పి, వెంటనే ఈ అపవాదమును ఖండించినవి. గోపికలకు భగవన్మాహాత్మ్యజ్ఞానము విస్మృతి కాలేదనియు, ఆ జ్ఞానము లేనిచో అది జారుల ప్రేమతో సమానమనియు, అట్టి ప్రేమలో ప్రియుని సుఖమే తన సుఖమను భావము ఉండదనియు మూడు సూత్రములలో స్పష్టపరచినవి. భాగవతములోని గోపికాగీతములో ఆ వ్రజస్త్రీలు కృష్ణునితో, నీవు యశోద కుమారుడవు మాత్రమే కావు, సర్వప్రాణుల అంతరంగసాక్షివి అని చెప్పుదురు. వెన్నదొంగ యని ప్రేమించుచునే విశ్వసాక్షి యని ఎరిగియున్నారు. వారి పేరు చెప్పి అజ్ఞానమును సమర్థించుకొనుట వారికి అపచారము.

ఇక రెండవ పక్షము. వీరు మరింత ప్రమాదకరులు; ఏలయనగా వీరి మాటకు శాస్త్రము యొక్క వాసన ఉండును. "భక్తి మందాధికారులకు. పూజ, కన్నీరు, కీర్తన మొదటి మెట్లు. మేము వాటిని దాటినాము" అని వీరి వాదము. ఆకలి వేసినపుడు అన్నము మిథ్య యని విస్తరి ముందు నుండి లేచిపోయిన వారిని ఈ పక్షములో నేను ఇంతవరకు చూడలేదు. తమ పంటి నొప్పి సత్యము, ఇతరుల పుత్రశోకము మిథ్య! బ్రహ్మసాక్షాత్కారము కలుగు వరకు వ్యవహారము వ్యవహారముగా సత్యమే యని శాంకరభాష్యమే చెప్పుచున్నది. ఆ సాక్షాత్కారము ఆ తల్లికి కలుగలేదు. చెప్పిన ఆయనకును కలుగలేదు. కలిగియున్నచో ఆయన ముఖము నుండి అట్టి వాక్యము వచ్చెడిది కాదు.

ఆచార్యుల సిద్ధాంతములను చూచినను వీరికి ఆశ్రయము దొరకదు. శ్రీరామానుజులు వేదార్థసంగ్రహములో భక్తి జ్ఞానవిశేషమే యని నిర్ణయించినారు. అనగా ధ్యానరూపమైన జ్ఞానము ప్రీతిరూపమును పొందినపుడు దానికే భక్తి యని పేరు. శ్రీమధ్వులు మహాభారతతాత్పర్యనిర్ణయములో, భగవన్మాహాత్మ్యజ్ఞానము ముందుండగా, అన్నింటిని మించి దృఢమైన స్నేహము కలుగుట భక్తి యని నిర్వచించినారు. అద్వైతసిద్ధి వంటి కఠినమైన తర్కగ్రంథమును రచించిన మధుసూదనసరస్వతి, అదే లేఖినితో భక్తిరసాయనమును కూడ రచించినాడు. జీవబ్రహ్మల సంబంధమును గూర్చి ముగ్గురికిని మూడు సిద్ధాంతములు. జ్ఞానము, ప్రేమ విడిపోరాదను విషయములో మాత్రము ముగ్గురును ఒకే వైపున ఉన్నారు. పరస్పరము ఖండించుకొనిన సంప్రదాయములు ఏకీభవించిన ఈ విషయమును మనము తేలికగా త్రోసివేయ వచ్చునా?

గీత దశమాధ్యాయములో, ప్రీతిపూర్వకముగా తనను భజించువారికి బుద్ధియోగమును తానే ఇచ్చుచున్నానని భగవానుడు చెప్పినాడు. క్రమమును గమనింపుడు. ప్రేమతో భజించువానికి బుద్ధి లభించుచున్నది. కావున హృదయమును దాటి బుద్ధికి వచ్చితిమని చెప్పువారు ఏ బుద్ధికి వచ్చినారో వారే పరిశీలించుకొనవలెను.

ఇచ్చట ఒక ఆక్షేపము కలదు. "బుద్ధిని అనుమతించినచో సందేహము వచ్చును. సందేహము వచ్చినచో భక్తి నశించును" అని. దీనికి మన తెలుగువారికి వేరే సమాధానము వెదకవలసిన పని లేదు. పోతనామాత్యుని అష్టమస్కంధములో గజేంద్రుడు ఉన్నాడు. మొసలి కాలు పట్టినది. బలము క్షీణించినది. ఆ స్థితిలో ఆ గజరాజు మొదట చేసినది తత్త్వవిచారము. ఈ జగత్తు ఎవనిచే జనించినది, ఎవని లోపల ఉన్నది, ఎవని యందు లయించును, ఎవడు మూలకారణము అని ఉపనిషత్తు వలె ఆరంభించినాడు. ఆ తరువాత, అంతటను ఉన్నాడని చెప్పబడువాడు నిజముగా ఉన్నాడా లేడా అని సంశయించినాడు. ప్రాణము పోవుచుండగా కూడ ఆ సంశయమును దాచలేదు. ఆ పిమ్మటనే తన శక్తి యంతయు ఉడిగినదని, ఇతరము తనకు తెలియదని చెప్పి శరణు వేడినాడు. విచారము, సందేహము, శరణాగతి ఒకే మొరలో ఉన్నవి. సందేహించినాడని శ్రీహరి ఆలస్యము చేయలేదు.

ఆ మొరను విన్నవారిలో బ్రహ్మాదులు ఏల రాలేదు? వారికి విశ్వమయత్వము లేకపోవుటచే విని కూడ ఊరకుండిరని పోతన చెప్పినాడు. గజేంద్రుడు ఏ కులదేవతను, ఏ ఇష్టదేవతను పేరు పెట్టి పిలువలేదు. సర్వమునకు మూలమైనవానిని పిలిచినాడు. సర్వమైనవాడే రాగలిగినాడు. బుద్ధి చిరునామాను నిర్ణయించినది; హృదయము పిలిచినది. చిరునామా లేని పిలుపు ఎవరిని చేరును? పిలుపు లేని చిరునామాకు ఎవరు స్పందింతురు?

ఇంతవరకు అంగీకరించిన పాఠకుడు కూడ ఇప్పుడొక ప్రశ్న అడుగును, అడుగవలెను. "ఏనుగు కొరకు వైకుంఠము నుండి పరుగెత్తి వచ్చినవాడు ఆ తల్లి కొరకు ఏల రాలేదు?" దీనికి తేలికైన సమాధానము చెప్పువారిని నమ్మకుడు. నేను రెండు విషయములు మాత్రమే మనవి చేయుదును.

మొదటిది. వ్యాసభాగవతములో గజేంద్రుడు తనకు ఈ గజశరీరముతో జీవింపవలెనను కోరిక లేదనియు, ఆత్మను కప్పిన ఆవరణము నుండి విముక్తి కావలెననియు స్పష్టముగా చెప్పినాడు. అతడు ప్రాణమునకు బేరమాడలేదు. కావున గజేంద్రమోక్షమును చదివినచో ఆపద తప్పకుండ తొలగునని హామీ పత్రము వ్రాయువారు ఆ కథను తలక్రిందులుగా చదివినారు.

రెండవది. భారతయుద్ధములో మరణించిన అభిమన్యుడు ఎవరు? సాక్షాత్తు శ్రీకృష్ణుని మేనల్లుడు. సుభద్ర ఎవరు? స్వామికి తోబుట్టువు. తండ్రియైన అర్జునుని రథమును స్వయముగా సర్వేశ్వరుడే తోలుచుండగా ఆ బాలుడు పద్మవ్యూహములో ఒంటరిగా కూలినాడు. నియమభంగము సిద్ధాంతమును చెప్పు పెద్దమనిషి సుభద్ర ముందు నిలువగలడా? ఆమె పూజలో లోపమేమి? సర్వేశ్వరుడనగా బంధువులకు మినహాయింపు నిచ్చు అధికారి కాడు. తన చెల్లెలి కంటికి నీరు రానీయకుండుటకు కాలధర్మమును నిలుపుచేసినచో ఆయన వృష్ణికులమునకు మాత్రమే ప్రభువగును.

అయితే ఆయన ఊరకున్నాడా? ద్రోణపర్వమును చదువుడు. శోకముతో కుమిలిన అర్జునుడు వేడగా, శ్రీకృష్ణుడు స్వయముగా సుభద్ర యున్న చోటికి వెళ్ళినాడు. కాలము సర్వప్రాణులకును ఇట్టి గతినే విధించినదని, నీ కుమారుడు వీరులకు తగిన గతిని పొందినాడని చెప్పి ఓదార్చినాడు. ద్రౌపదియు, ఉత్తరయు వచ్చి స్త్రీలందరు విలపించి మూర్ఛిల్లగా, నీరు చల్లి సేద తీర్చినాడు. తత్త్వమును చెప్పినాడు, కాని ఆ పెద్దమనిషి వలె దూరమున కూర్చుండి చెప్పలేదు. ఏడ్చుట అజ్ఞానమని నిందింపలేదు. కాలధర్మమును బోధించిన నోరు, నీరు చల్లిన చేయి ఒకే స్వామివి. ఆయన మన శోకమునకు తన బుద్ధిని, తన హృదయమును కూడ ఇచ్చినాడు. మనము ఆయనకు ఒకదానినే ఇత్తుమా?

కొందరు, ఈశ్వరుని ప్రభువుగా భావించినచో దూరము పెరుగును, ప్రేమకు చనువు కావలెను అందురు. విశ్వరూపమును చూచిన అర్జునుడు, మిత్రుడవని తలచి చనువుతో పలికిన మాటలను క్షమింపుమని వేడెను, భయపడెను, మరల పూర్వరూపమునే చూపుమని ప్రార్థించెను. స్వామి ఆ సౌమ్యరూపమునే చూపినాడు. స్నేహము పోలేదు, పరిశుద్ధమైనది. పంచమాధ్యాయపు చివరి శ్లోకము ఈ విషయములో సిద్ధాంతవాక్యము. సర్వలోకములకు మహేశ్వరుడనియు, సర్వభూతములకు మిత్రుడనియు తెలిసికొనినవాడు శాంతిని పొందునని దాని భావము. మహేశ్వరుడని బుద్ధి నిశ్చయింపవలెను. మిత్రుడని హృదయము నమ్మవలెను. ఈ రెండును ఒకే శ్లోకములో చెప్పి, ఆ పిమ్మటనే శాంతిని చెప్పినాడు. రెండింటిలో ఒకదానిని విడిచినవారికి ఆ శాంతి లభింపకపోవుటలో ఆశ్చర్యమేమి?

సర్వేశ్వరుడను మాటను నిజముగా నమ్మినవారి జీవితము ఎట్లుండునో మన భాషలోనే సాక్ష్యములు కలవు. పోతన తన భాగవతమును రాజులకు ఇయ్యక శ్రీరామునకే అంకితము చేసినాడు. అన్నమయ్య సాళువ నరసింహుని కీర్తింప నిరాకరించి సంకెలలను పొందినాడని పరంపర చెప్పుచున్నది. త్యాగరాజస్వామి తంజావూరు కొలువు పిలుపును కాదన్నాడని ప్రసిద్ధి. లోకమునకు ఒక్కడే ప్రభువని బుద్ధిలో నిశ్చయమైనందున వారు ఏ సింహాసనము ముందును తల వంచలేదు. ఆ ప్రభువు తమవాడని హృదయములో నిండినందున వారికి లోటు తెలియలేదు. నేడు మనమో, ఉదయము సర్వేశ్వరునకు సహస్రనామార్చన చేసి, మధ్యాహ్నము చిన్న అధికారి ముందు అసత్యము పలుకుటకు వెనుదీయము.

అట్లే, ఆయన సర్వేశ్వరుడైనచో నా ప్రక్కింటివానికి కూడ ఈశ్వరుడే. భాగవత తృతీయస్కంధములో కపిలభగవానుడు తల్లియైన దేవహూతితో, సర్వభూతములలో ఉన్న నన్ను అవమానించి ప్రతిమను మాత్రము పూజించువాని పూజ విడంబనమే యనియు, అది బూడిదలో వేసిన ఆహుతి వంటిదనియు చెప్పినాడు. ఇది విగ్రహారాధనకు నిషేధము కాదు. విగ్రహములో చూచినవానిని గర్భాలయము వెలుపల కూడ గుర్తింపుమను ఆజ్ఞ. పనిమనిషిని తిట్టుచు చేసిన అభిషేకము, ఇతరసంప్రదాయము వానిని దూషించుచు చేసిన స్తోత్రము, ఏడ్చువారిని నిందించి చెప్పిన వేదాంతము ఆ బూడిదలోనికే చేరును.

కావున ప్రతిదినము దీపము వెలిగించునపుడు రెండు ప్రశ్నలు వేసికొందము. నేను ఎవరి ముందు నిలిచియున్నాను అని బుద్ధిని అడుగుదము. నా కోరిక తీరకపోయినను ఇచ్చట నిలువగలనా అని హృదయమును అడుగుదము. మొదటి ప్రశ్నకు సమాధానము శ్రవణమననముల వలన దృఢమగును. రెండవదానికి సమాధానము ఒక్కనాటిలో రాదు. కష్టకాలములోనే వచ్చును.

ఆ తల్లి ఎనిమిది మాసముల తరువాత పూజామందిరము తలుపు తెరచినది. ఎవరును చెప్పలేదు. నేను వెళ్ళినపుడు దీపము వెలుగుచున్నది. కారణ మడిగితిని. "బాబాయ్, ఇప్పుడు ఆయన్ని అడగడానికి నాకేమీ మిగల్లేదు. అయినా ఆయన లేకుండా ఉండలేకపోతున్నాను. ఎందుకిలా చేశావని మాత్రం రోజూ అడుగుతూనే ఉన్నాను" అన్నది.

ప్రశ్నించు బుద్ధిని దాచలేదు. విడువలేని హృదయమును దాచలేదు. రెండింటిని తీసికొని ఆయన ముందు కూర్చున్నది. పరామర్శకు వచ్చిన ఇద్దరు పెద్దలకన్న ఆమెయే సర్వేశ్వరుని సంపూర్ణముగా పూజించుచున్నదని నా నిశ్చయము.

శ్రీకృష్ణార్పణమస్తు.